క్రిమినాలజీ ఎంఏ: ఏడేళ్లు వాడి చూశాక

నేరాలు, శిక్షల గురించి చదివే ఈ కోర్సులో సీటొచ్చిన రోజు మా పెదనాన్న అడిగిన మొదటి మాట, “అయితే ఎస్సై ఎప్పుడవుతావురా?” ఎస్సై పరీక్షకు ఏ డిగ్రీ అయినా సరిపోతుందని, ఈ ఎంఏ ఉందని అక్కడ ఎవరూ పిలిచి పీట వెయ్యరని ఆయనకు చెప్పలేకపోయాను. పొరుగు రాష్ట్రంలో చదివి 2018లో బయటికొచ్చాను. అప్పట్నుంచీ జైళ్లలో ఖైదీలకు న్యాయసహాయం అందేలా చూసే ఒక చిన్న సంస్థలో పని. జీతం సంగతి అడక్కండి.

ఈ కోర్సులో నాకు బాగా గిట్టుబాటైంది మొదటి సెమిస్టర్‌లో వచ్చే నేరాల సోషియాలజీ పేపరు. మాది చీరాల. చిన్నప్పుడు బాపట్ల నుంచి ప్యాసింజర్‌లో వస్తుంటే, స్టువర్టుపురంలో బండి ఆగగానే మా అమ్మమ్మ సీటు కింది సంచీ తీసి ఒళ్లో పెట్టుకునేది. బండి కదిలాక మళ్లీ కిందకి తోసేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. కొన్ని తెగలవాళ్లందర్నీ పుట్టుకతోనే నేరస్థులుగా జమకట్టిన 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారని, 1913లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ చేత ఎరుకల కుటుంబాలకు ఒక సెటిల్‌మెంట్ పెట్టించారని చెబుతూ మేడమ్ బోర్డు మీద ఆ ఊరి పేరు రాశారు. క్లాసులో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. తలెత్తలేకపోయాను. చట్టాన్ని 1952లో రద్దు చేశారు. నేను పుట్టింది ఆ తర్వాత నాలుగు దశాబ్దాలకు, అయినా సంచీ ఒళ్లోకి వస్తూనే ఉంది. నేరస్థుడని వేసిన ముద్ర మనిషిని వదలదనే లేబులింగ్ సిద్ధాంతం ప్రశ్నకు ఈ సంచీ కథే రాశాను. పదికి ఆరు వేశారు.

దేశంలో నేరాల గణాంకాలు వేసే ఎన్‌సీఆర్‌బీ లెక్కలు ఎలా చూడాలో కూడా అక్కడే నేర్చుకున్నా. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే, ఎక్కువ శిక్ష పడే ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. ఇది తెలిశాక పేపర్లో ‘నేరాలు తగ్గాయి’ అని చూస్తే వెంటనే నమ్మబుద్ధి కాదు.

ఫోరెన్సిక్ పేపరు మాత్రం శుద్ధ దండగ. వేలిముద్రల కిట్టు బీరువాలో ఉండేది, బీరువా తాళం సెలవులో ఉండేది. ఇక కష్టపడి బట్టీపట్టిన ఐపీసీ, సీఆర్‌పీసీ సెక్షన్లు, వాటి బదులు కొత్త చట్టాలు రావడంతో 2024 జూలై 1తో అటకెక్కాయి. హత్య 302 కాదు 103, మోసం 420 కాదు 318. విచారణ ఖైదీల విడుదల కోసం మేం జైల్లో రోజూ వాడే సీఆర్‌పీసీ 436ఏ ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 479 అయింది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు కాకపోతే, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపల గడిపితే బెయిల్ అడగొచ్చు. నంబరు మారినా అసలు సంగతి తెలుసు కాబట్టి వారంలో సర్దుకున్నా.

ఫీల్డ్‌వర్క్ గురించి ఒక్క ఉదాహరణ చెబుతా. మా సూపర్‌వైజర్ ఖైదీని ‘ఏం చేశావ్’ అని అడగనిచ్చేవారు కాదు. ‘ములాఖత్‌కి ఎవరొస్తారు’ అని మొదలుపెట్టమనేవారు. ఉద్యోగంలో చేరాక ఒకసారి ఒడిశా నుంచి ఇటుక బట్టీకి వచ్చిన కుర్రాణ్ణి అలాగే అడిగాను. ఎవరూ రారన్నాడు. రికార్డు తీయిస్తే బెయిల్ వచ్చి నలభై రోజులైంది! ఇద్దరు జామీనుదారులు కావాలి. ఇక్కడ ఇంటిపన్ను రసీదు ఉన్నవాళ్లు అతనికెవరు తెలుసు? నెలలోగా జామీను ఇవ్వలేకపోతే షరతు సడలించే విషయం కోర్టే పరిశీలించవచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సంగతి నాకు తెలుసు, కానీ పిటిషన్ మీద సంతకం పెట్టే అర్హత లేదు. న్యాయసేవాధికార సంస్థ లాయరు దొరికి, సొంత పూచీకత్తు మీద అతను బయటికొచ్చేసరికి ఇంకో తొమ్మిది రోజులు. 2022 లెక్కల్లో దేశంలోని 5.73 లక్షల ఖైదీల్లో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలే. పరీక్షలో నేను రాసిందీ ఇలాంటి అంకే, ఆ రోజు అది ఇనుప జాలీకి అవతల నిలబడింది.

ఆ తొమ్మిది రోజుల పుణ్యమే, ఇప్పుడు ఎల్ఎల్‌బీ రెండో ఏడాదిలో ఉన్నాను. మీరు లాయర్ కావాలనుకుంటే నేరుగా అక్కడికే వెళ్లండి, నాలా చుట్టూ తిరక్కండి. దీన్లోనే చేరతానంటే మాత్రం బ్రోషర్ పక్కనపెట్టి సీనియర్లను పట్టుకోండి. ఫీల్డ్‌వర్క్ వారానికెన్ని రోజులో, జైలు లోపలికి పంపుతారో గేటు దగ్గర ఫొటో తీసి వెనక్కి తెస్తారో అడగండి. మా తర్వాతి బ్యాచ్‌కి గేటు దగ్గర ఫొటోనే మిగిలిందట.