ఎన్‌హెచ్ 44 మీద సైకిల్: లారీ టైరు తీగతో నా పగ

శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా ఎన్‌హెచ్ 44ను నేను ఏకబిగిన తొక్కలేదు. సెలవు దొరికినప్పుడల్లా ఒక్కో ముక్క చొప్పున కొన్నేళ్లు తొక్కాను. దూరాలు, రాష్ట్రాల లెక్కలు అందరికీ తెలిసినవే. నా బాధంతా తీగతో.

పేలిన లారీ టైర్ల ముక్కలు ఈ రోడ్డు పొడుగునా పడి ఉంటాయి. రేడియల్ టైర్లలో ఉక్కు తీగలుంటాయి కదా, ఆ ముక్కలు చక్రాల కింద నలిగి నలిగి తీగలు వెంట్రుకంత సన్నగా విడిపోతాయి. బండ్ల గాలికి అవి కొట్టుకొచ్చి చేరేది తెల్లగీతకు ఇవతల, సరిగ్గా మనం తొక్కేచోట. మేకు దిగితే వెంటనే తెలుస్తుంది. తీగ దిగితే గంట తర్వాత గానీ అనుమానం రాదు.

బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి కర్నూలు వైపు పోతుంటే వెనక చక్రం మెత్తబడింది. ట్యూబు ఊడదీసి, టైరు లోపల చుట్టూ వేలితో తడిమాను. ఏమీ తగల్లేదు. కొత్త ట్యూబు వేస్తే, అలంపూర్ చౌరస్తా చేరేలోపు అదీ దిగిపోయింది. అక్కడ లారీల పంక్చర్ షాపులో ఒక పెద్దాయన "వేలికి తగల్దు బిడ్డా, దూదికి తగుల్తది" అంటూ కాస్త దూది తీసుకుని టైరు లోపల మెల్లగా తిప్పాడు. ఒకచోట రెండు పోగులు చిక్కుకున్నాయి. అక్కడ టైరును వెనక్కి వంచితే కంటికి ఆనీ ఆనని తీగ మొన! నెయిల్ కట్టర్‌తో పట్టి లాగేశాడు. నా ట్యూబుది సన్న వాల్వు, వాళ్ల కంప్రెసర్ గొట్టం దానికి పట్టదు. సంచిలో ఇత్తడి అడాప్టర్ ఉండబట్టి సరిపోయింది. డబ్బులివ్వబోతే "గాలికేం పైసలు" అన్నాడు. టీ మాత్రం తాగాడు.

రోడ్డు అంచు విశాలంగా ఉంటుంది, సైకిల్‌కి దివ్యంగా ఉంటుందని మిత్రులకు తెగ చెప్పేవాణ్ణి. ఉంటుంది, వంతెన వచ్చేదాకా. అక్కడ అంచు మాయం, లారీ మన మోచేతి పక్కనే. ఊళ్ల దగ్గరయితే అదే అంచులో మోటార్ సైకిళ్లు రాంగ్ రూట్లో ఎదురొస్తాయి. సివనీ, నాగ్‌పూర్ మధ్య పెంచ్ అడవిలో జంతువులు కింది నుంచి దాటడానికి రోడ్డునే పైకెత్తారు, అందులో ఒకటి 750 మీటర్ల పొడుగు. ఆ ముక్క నాకు చాలా ఇష్టం. కాకపోతే పొద్దు ఉండగానే దాటేయాలి. ఇక నైరుతి గాలులప్పుడు కన్యాకుమారి చేరబోయే ముందు గాలిమరల మధ్య తొక్కినా, దిగి నడిచినా పెద్ద తేడా లేదు.

నావి 35 మిల్లీమీటర్ల వెడల్పాటి టైర్లు. హిందీ వచ్చు, ఢాబా మంచం మీదయినా నిద్ర పడుతుంది, ఎవరితోనూ పోటీ లేదు. ఇవన్నీ కుదిరాయి కాబట్టి నాకు నచ్చింది. సన్న టైర్ల రోడ్ బైకుతో, టైమ్ చూసుకుంటూ పోయేవాళ్లకు నచ్చుతుందని మాత్రం చెప్పలేను. ముందు హైదరాబాద్–కర్నూలు ముక్క తొక్కి చూసుకోండి. పంజాబ్, హరియాణాలను డిసెంబరు, జనవరిలో పెట్టుకోకండి, ఆ పొగమంచులో లారీవాడికి మనం కనపడం.