మోనోహల్‌ కొనాలా, కాటమరాన్‌ కొనాలా?

జర్మనీలోని డస్సెల్‌డార్ఫ్‌లో ఏటా జనవరిలో జరిగే ప్రదర్శనలో తెరచాప పడవలను హాళ్లలోనే నిలబెడతారు కాబట్టి, రేవులో కనబడని అడుగుభాగాన్ని కూడా పరిశీలించవచ్చు. ఒకే అడుగుదేహం (హల్‌) గల మోనోహల్‌ను, రెండు హల్‌లను పక్కపక్కన కలిపి కట్టిన కాటమరాన్‌ను పోల్చడానికి అలాంటి చోటు అనువైనది. ఉదాహరణకు, ఫ్రాన్స్‌లోని పడవల తయారీ సంస్థ బెనెటో గ్రూపుకే చెందిన ఓషియానిస్‌ 40.1ను, లగూన్‌ 42ను చూద్దాం.

వెడల్పు: రెండింటి పొడవూ సుమారు 12.8 మీటర్లే అయినా, మొదటిది 4.18 మీటర్ల వెడల్పు గల మోనోహల్‌, రెండోది 7.7 మీటర్ల కాటమరాన్‌. లగూన్‌లోని విశాలమైన సెలూన్‌ (కూర్చునే గది) చూడగానే మనసు అటే మొగ్గుతుంది. అయితే ప్రదర్శనలోని పడవలో సామాను ఉండదని, బరువు పెరిగేకొద్దీ కాటమరాన్‌ వేగం బాగా తగ్గుతుందని మరచిపోకూడదు.

ఖర్చు: కాటమరాన్‌ ధర చాలా ఎక్కువ, మధ్యధరా తీరంలోని అనేక మెరీనాలు (పడవలు నిలిపే రేవులు) దాని వెడల్పును బట్టి అద్దె కూడా పెంచుతాయి.

శ్రమ: రెండు ఇంజన్లు దూరదూరంగా ఉన్నందున కాటమరాన్‌ను ఇరుకు చోట తిప్పడం సులువు, కానీ సర్వీసింగ్‌ రెండింతలు.

ప్రమాదం: మోనోహల్‌ గాలికి బాగా ఒరిగినా, కీల్‌ (అడుగున ఉండే బరువైన రెక్క) బరువు దానిని తిరిగి నిలబెడుతుంది. కాటమరాన్‌ అంతగా ఒరగదు; అరుదుగానే అయినా, తలకిందులైతే మాత్రం తనంతట తాను లేవదు.

కుటుంబంతో పడవలోనే నెలల తరబడి నివసిస్తూ, లోతులేని తీరాల్లో లంగరు వేసేవారికి నీటిలో 1.25 మీటర్ల లోతు వరకే దిగే లగూన్‌ నప్పుతుంది. ఎదురుగాలికి ప్రయాణించడంలో ఆనందం పొందేవారు, పరిమిత బడ్జెట్‌ గలవారు ఓషియానిస్‌నే ఎంచుకోవాలి.