డిస్కుతో లేవని కంప్యూటర్: డీవీడీని బాగుచేసుకోవాలా, పెన్‌డ్రైవ్‌కు పోవాలా?

పోయిన ఎండకాలం దేవరకొండ నుంచి ఒక ఫొటో స్టూడియో తమ్ముడు సీపీయూను బండి వెనుక కట్టుకొని నల్లగొండలో మా దుకాణానికి తెచ్చిండు. "అన్నా, విండోస్ పోయింది. డిస్కు పెడితే గిర్రుమని తిరుగుతుంది, లైటు కొట్టుకుంటుంది, మళ్ల అదే నల్ల తెర. రెండు దినాల సంది గిదే పని."

ముందు ఆ డిస్కును నా ల్యాప్‌టాప్‌లో పెట్టి తెరిచిన. లోపల ఒక్కటే ఫైలు, పేరు చివర ఐఎస్‌ఓ అని ఉంది. అంటే మొత్తం డిస్కును ఒకే ఫైలుగా మూటగట్టినది. డౌన్‌లోడ్ చేసిన ఫైలును అట్లనే కాపీ కొట్టిండు. అట్లాంటి డిస్కు వందసార్లు తిప్పినా కంప్యూటర్ లేవదు, అంటే బూట్ కాదు. కంప్యూటర్ ముందుగా వెతికే బూట్ సమాచారం డిస్కు మీద తన చోట ఉండాలె. ఫీనిక్స్, ఐబీఎం కలిసి 1995లో తెచ్చిన ఎల్ టొరిటో పద్ధతి ఇదే. ఐఎస్‌ఓను 'బర్న్ డిస్క్ ఇమేజ్'తో రాస్తేనే అది వస్తుంది. సరిగ్గా రాసిన విండోస్ డిస్కు తెరిస్తే బూట్, సోర్సెస్ ఫోల్డర్లు, సెటప్ ఫైలు విడివిడిగా కనబడతయి.

మళ్ల రాసి పెట్టినా లేవలేదు. బయోస్ (కంప్యూటర్ ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రాం) సెట్టింగుల్లో బూట్ వరుసలో మొదట డీవీడీ ఉంది, డ్రైవ్ పేరూ కనబడుతుంది. అంటే చాలావరకు కేబుల్ తప్పు కాదు. పాటల సీడీ పెడితే చదివింది, డీవీడీని మాత్రం పట్టలేదు. సీడీకి, డీవీడీకి లేజర్లు వేరు. ఒకటి బలహీనపడ్డా రెండోది పనిచేస్తుంది. 'సీడీ చదువుతుంది కదా, డ్రైవ్ మంచిదే' అనుకొని చాలామంది ఇక్కడనే మోసపోతరు. స్టూడియో రోడ్డు పక్కన ఉంది, లోపలంతా దుమ్ము. లెన్సును మెత్తగా తుడిచి, తక్కువ వేగంతో (4ఎక్స్) ఇంకో డిస్కు రాసి చూసిన. సగం లోడై ఆగింది.

అప్పుడు పెన్‌డ్రైవ్ తీసిన. నా లెక్కలో దాని మేలు వేగం ఒక్కటే కాదు. అది తప్పు ఎక్కడుందో చెప్తది. పెన్‌డ్రైవ్‌తో లేచిందంటే బోర్డు, మెమరీ చాలావరకు మంచిగున్నట్టే, చెడిపోయింది డ్రైవో డిస్కో. దానితో కూడా లేవకపోతే మనం రెండు దినాలు అనవసరంగా డిస్కును తిట్టినట్టు.

డీవీడీ పక్షాన కూడా న్యాయం ఉంది. ఒకసారి రాసి మూసిన డీవీడీ-ఆర్ మీదికి వైరస్ ఎక్కదు. నాలుగు జిరాక్స్ సెంటర్లు తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్ ఏం మోసుకొస్తదో తెల్వదు. పెంటియం 4 కాలం బోర్డులు చాలా వాటికి యూఎస్‌బీతో లేవడమే రాదు. వాటికి డిస్కే దిక్కు. విండోస్ 7లో యూఎస్‌బీ 3.0 డ్రైవర్లు లేవు కాబట్టి నీలం పోర్టులో పెట్టిన పెన్‌డ్రైవ్ లేచి కూడా మధ్యలో డ్రైవర్ అడిగి నిలబడతది. నల్ల పోర్టుకు మార్చాలె.

కానీ కొత్త విండోస్ కావాలంటే మామూలు డీవీడీ 4.7 జీబీ చాలదు. విండోస్ 11 అందులో పట్టదు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో రూఫస్ అనే ప్రోగ్రాంతో రాసుకోవచ్చు. అందులో డిస్కును విభజించే పద్ధతి అడుగుతది: పాత బయోస్‌కు ఎంబీఆర్, దాని బదులు కొత్తగా వచ్చిన యూఈఎఫ్ఐ ఉన్నదానికి జీపీటీ ఎంచుకోవాలె. ఇది తప్పితే మిషన్ పెన్‌డ్రైవ్‌ను చూసి కూడా చూడనట్టు పోతది. పాత బోర్డుల్లో పెన్‌డ్రైవ్ పేరు యూఎస్‌బీ దగ్గర కాకుండా హార్డ్ డిస్కుల వరుసలో దాక్కుంటది, అక్కడ పైకి జరపాలె. డెల్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9 నొక్కితే బూట్ మెనూ వస్తుంది.

బయట తగిలించే డీవీడీ డ్రైవ్ కొనడం ఇంటినిండా పాత డిస్కులున్నవాళ్లకే. ఒక్క విండోస్ కోసం కొనమని నేను చెప్పను.

ఆ తమ్ముడి మిషన్‌లో నేను ముందు పెట్టింది విండోస్ పెన్‌డ్రైవ్ కాదు, విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టం లినక్స్‌ది. ఇన్‌స్టాల్ చేయకుండానే లేస్తుంది, హార్డ్ డిస్కులో ఏముందో చూపిస్తుంది. డిస్కు లేస్తే చాలనే తొందరలో ఫార్మాట్ కొట్టి ఏడ్చినవాళ్లను చూసిన. లేచింది. హార్డ్ డిస్కు అక్కడక్కడ చెడిపోయి ఉంది. విండోస్ అందుకే పోయింది. పెళ్లిళ్ల ఫోల్డర్లు మాత్రం తెరుచుకున్నయి. కొండమల్లేపల్లి, చింతపల్లి, డిండి, ఊర్ల పేర్లతో వరుసగా. బయటి డిస్కులోకి కాపీ పెట్టినం. సాయంత్రం దాకా పట్టింది. తమ్ముడు స్టూలు మీద నుంచి లేవలేదు, ఒక్కో ఊరి పేరు దాటుతుంటే చదువుకుంటూ కూర్చున్నడు.