డంపింగ్ యార్డ్ జల్లెడ మట్టి: గుంతలకి ఓకే, నిమ్మ పాదులకి మాత్రం వద్దు

మా టౌన్ బయట పాత చెత్తదిబ్బ మూసేసి ఇప్పుడు బయోమైనింగ్ (పాత చెత్త తవ్వి, జల్లెడ పట్టి వేరుచేసే పని) చేస్తన్నారు, అక్కడ జల్లెడ పట్టిన మట్టి ఊరికే ఇస్తాం, టిప్పర్ బాడుగ మీదే అంటే మా బావ మాట నమ్మి నాలుగు లోడ్లు తోలించా. నెల్లూరు దగ్గర పొదలకూరు వైపు మాది నిమ్మతోట.

చూడ్డానికి నల్లగా, మెత్తగా, మాగిన పెంటలాగే ఉంది, వాసన కూడా పెద్దగా లేదు. పిడికెడు తీసి నలిపితే బయటపడింది అసలు సంగతి: షాంపూ ప్యాకెట్ మూలలు, సీసా పెంకులు, పగిలిన గాజులు, తుప్పుబట్టిన బ్లేడు ఒకటి. "ఏరేస్తే సరిపోద్దిలేరా" అన్నాడు బావ. నాలుగు లోడ్లు ఎవరేరతారు బావా?

అయినా ఆశ కదా, రెండు పాదులకి వేశా. నెల తిరక్కుండానే ఆకుల కొసలు మాడినయి. అప్పుడు టెస్ట్ చేయిస్తే ఈసీ (మట్టిలో ఉప్పు కొలత) 6 దాటింది, సిటీ కంపోస్ట్‌గా (టౌన్ చెత్తతో చేసే ఎరువు) అమ్మాలంటే 4 లోపు ఉండాలంట, నిమ్మ అసలే ఉప్పుకి తట్టుకోదు. సీసం కిలోకి 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 దాటకూడదు, ఆ రెండిటికీ టెస్ట్ ఇంకా చేయించలా. ఏళ్ల తరబడి బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు అన్నీ కలిపి పోసిన చోటు, జల్లెడలో కిందికి దిగే సన్నమట్టిలోనే వాటి లోహాలు ఎక్కువగా చేరతాయి మరి. రిపోర్ట్ ఏదయ్యా అని అక్కడి సూపర్‌వైజర్‌ని అడిగితే "ఎరువుకి రిపోర్టేందన్నా" అని నవ్వాడు.

పని బాగాలేదని అనను. దిబ్బ తగలబడి వచ్చే పొగ పోయింది, అది చాలా పెద్ద మేలు. తవ్వడానికి కుదరని చోట 2016 నాటి చెత్త నిర్వహణ రూల్స్ ప్రకారం పైన 60 సెంటీమీటర్ల బంకమట్టి, దాని మీద నీళ్లు జారే పొర, ఆపైన మొక్కలకి 45 సెంటీమీటర్ల మట్టి కప్పి, 15 ఏళ్లు నీళ్లూ గ్యాసూ చెక్ చేస్తా ఉండాల్సి వచ్చేది, దానికంటే తవ్వి తీసేయడమే నయం. కానీ మనకి వానలు అక్టోబర్, నవంబర్‌లో గదా, సరిగ్గా అప్పుడే తవ్విన కుప్పల మీద ఒక పట్టా కూడా కప్పలా, నల్లనీళ్లు కారి పక్క కాలవలోకి పోతన్నాయి, నా కళ్లతో చూశా.

రెండు పాదుల్లో మట్టి గీకి తీసేశా. ఒక లోడు బోరుకి దూరంగా దారి గుంతలో పోస్తే ట్రాక్టర్ తిరిగినా కదల్లేదు, దానికే ఈ రెండు స్టార్లు. మిగిలింది గేటు దగ్గరే పడుంది, గుంత పూడ్చుకునేవాళ్లు ఎవరన్నా ఉంటే తోలుకుపోండి, బాడుగ మాత్రం మీదే.