బొల్లికి బావంచాలు, పథ్యాలు, విటమిన్లు: ఏడేళ్ల వాడకం తర్వాత

బావంచ నూనె, రాగి చెంబు నీళ్లు, పసుపు, గింకో అనే చెట్టు ఆకుల సారంతో చేసిన మాత్రలు, బి12, డి విటమిన్, చుట్టాలు చెప్పిన పథ్యాలు, చివరికి చర్మ డాక్టరు రాసిన లైట్ వైద్యం. ఏడేళ్లలో ఇవన్నీ వాడిన మీదట రాస్తున్న సమీక్ష ఇది. మచ్చలు నుదుటి మీద, కనురెప్ప మీద, మోకాళ్ల మీద, చేతివేళ్ల మీద. తేలిందేమిటో ముందే చెబుతాను. కనురెప్ప మీద తప్ప, మచ్చలో రంగు తెచ్చింది వెలుతురు. మిగతావి ఆ వెలుతురుకి తోడు వెళ్లినంతవరకే పనికొచ్చాయి. పథ్యం ఒక్క మచ్చను కూడా తగ్గించలేదు, ఒంట్లో సత్తువను మాత్రం తగ్గించింది.

ఏ మందైనా మొదలుపెట్టేముందు అది బొల్లేనా కాదా తేల్చుకోవాలి. వీపు మీద, మెడ మీద పొట్టు రాలుతూ వచ్చే తెల్లమచ్చలు చాలావరకు శోభి. అది ఒక రకం బూజు, దాని మందు వేరు. పిల్లల బుగ్గల మీద పాలిపోయినట్టు కనిపించే గరుకు మచ్చలు కూడా బొల్లి కావు, అవి వాటంతటవే పోతాయి. మచ్చ మీద దూదితో తాకితే తెలియకపోతే, స్పర్శ లేకపోతే, అది కుష్ఠు కావచ్చు, వెంటనే చూపించాలి. చీకటి గదిలో వుడ్స్ ల్యాంప్ అనే ఊదారంగు దీపం కింద పెడితే బొల్లి మచ్చ సున్నం వేసినట్టు తెల్లగా మెరుస్తుంది. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు. "మా పక్కింటాయనకు ఫలానా ఆకు పసరుతో నెలలో పోయింది" అని వినే కబుర్లలో చాలావాటికి అసలు కారణం ఇక్కడే ఉంది. ఆయనకు వచ్చింది శోభి అయి ఉంటుంది.

బొల్లిలో ఒంటి రక్షణ కణాలే రంగు తయారుచేసే కణాల మీద దాడి చేసి చంపేస్తాయి. అంటే ఇది ఏదో పోషకం తక్కువై వచ్చిన రోగం కాదు, రక్తం చెడి వచ్చిందీ కాదు. చర్మం పైన రంగు కణాలు పోయినా, వెంట్రుక కుదురులో కొన్ని మిగిలి ఉంటాయి. వైద్యం ఫలిస్తే కొత్త రంగు అక్కడి నుంచే పైకి వస్తుంది. అందుకే మచ్చలో వెంట్రుకలు నల్లగా ఉంటే ఆశ ఉంది, అవి కూడా తెల్లబడితే కష్టం. వేళ్ల చివర, పెదవి మీద, అరికాలి అంచున వెంట్రుకలే ఉండవు కాబట్టి అక్కడ ఏ మందుకైనా ఫలితం బహు తక్కువ. ముఖం, మెడ అన్నిటికంటే ముందు స్పందిస్తాయి. మోకాలి మీద మూడో నెలలో చుక్కలు లేచాయి, వేళ్ల కొసల మీద మాత్రం ఏడేళ్లలో ఏమీ లేదు. మందు అమ్మేవాళ్లు ఈ ఒక్క ముక్క చెప్పరు.

ఇక బావంచాలు. బెజవాడ వన్‌టౌన్‌లో గానీ గుంటూరు పట్నంబజారులో గానీ మూలికలు అమ్మే కొట్లో అడిగితే ఇస్తారు. నల్లగా, చిన్నగా, చిక్కుడు గింజ ఆకారంలో ఉంటాయి, వాసన ఘాటు. వీటిలో సొరాలెన్ అనే రసాయనం ఉంది. అదే నిజమైన మందు, అదే ప్రమాదం కూడా. 1940లలో ఈజిప్టు డాక్టరు ఎల్ మోఫ్తీ బొల్లికి వాడిన మొక్క వేరు గానీ, అందులోని సరుకు ఈ జాతిదే. సొరాలెన్ తనంతట తాను రంగు తేదు. చర్మంలోకి ఇంకి, ఎండలోని యూవీఏ అనే అతినీలలోహిత కిరణం తగిలినప్పుడు పనిచేస్తుంది. నూనె రాసుకుని ఇంట్లో కూర్చుంటే వృథా, రాసుకుని ఎండలో పావుగంట నిలబడితే బొబ్బ.

బొబ్బలు ఎందుకు లేస్తాయో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాదాపు అందరూ ఇక్కడే దెబ్బతింటారు. మామూలు ఎండకు చర్మం కమిలితే సాయంత్రానికి తెలిసిపోతుంది. సొరాలెన్ దెబ్బ అలా కాదు, రెండు మూడు రోజుల తర్వాత గానీ పూర్తిగా బయటపడదు. మొదటి రోజు ఏమీ కాలేదని రెండో రోజు, రెండో రోజు ఏమీ కాలేదని మూడో రోజు రాస్తారు. మూడు రోజుల మంట కలిసి నాలుగో రోజు నీటిబొబ్బగా లేస్తుంది. కాబట్టి రోజూ రాయకూడదు, వారానికి రెండుసార్లు మించకూడదు. ఒక పాలు బావంచ నూనెకు కనీసం ఐదు పాళ్లు కొబ్బరి నూనె కలపాలి. ముందు కందిగింజంత మచ్చ మీద రాసి నాలుగు రోజులు చూడాలి. తర్వాత ఉదయం ఎనిమిదింటి ఎండలో ఒక్క నిమిషంతో మొదలుపెట్టి, వారానికి అర నిమిషం చొప్పున పెంచాలి. మచ్చ లేత గులాబీ రంగుకు రాగానే పెంచడం ఆపాలి. అంచు దాటి మంచి చర్మానికి అంటితే అక్కడ నల్లటి వలయం పడి మచ్చ మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దూదిపుల్లతో మచ్చ లోపలే రాసి, అంచుకు వాజలైన్ పెడితే ఈ బాధ ఉండదు. ఎండ పూర్తవగానే సబ్బుతో కడిగి, ఆ రోజూ మర్నాడూ గుడ్డ కప్పాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే మన ఎండల్లో దీని జోలికే పోవద్దు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆపేయడమే మేలు. కనురెప్ప మీద, పెదవి మీద ఎప్పుడూ వద్దు.

బావంచాల పొడిని లోపలికి పుచ్చుకునే పద్ధతీ ఉంది. గోమూత్రంలోనో అల్లం రసంలోనో నానబెట్టి శోధన చేస్తే దోషం పోతుందంటారు. లోపలికి తీసుకున్నవాళ్లకు కాలేయం దెబ్బతిని కామెర్లు వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. డాక్టరు కనిపెట్టుకుని ఉండి, కాలేయ పరీక్షలు చేయిస్తుంటే తప్ప వద్దు. కొన్ని లేపాల్లో హరితాళం కూడా కలుపుతారు. అది ఆర్సెనిక్ ఉన్న ఖనిజం. పొట్లం మీద అందులో ఏముందో రాసి లేకపోతే కొనకండి.

జిల్లేడు పాలు, నల్లజీడి, చిత్రమూలం పల్లెల్లో ఇంకా రాస్తూనే ఉన్నారు. ఇవి చర్మాన్ని కాలుస్తాయి, అంతే. కాలిన చోట కొన్నాళ్లు నల్లటి మచ్చ పడితే రంగు వచ్చిందనుకుంటారు. బొల్లి ఉన్నవాళ్లకు దెబ్బ తగిలిన చోట, గీరుకున్న చోట, కాలిన చోట కొత్త మచ్చ పుట్టే గుణం ఉంది. ఆ నలుపు రాలిపోయాక అంతకంటే పెద్ద తెల్లమచ్చ మిగులుతుంది. నిమ్మరసం రాసుకుని ఎండలో నిలబడటమూ ఇలాంటిదే, చర్మం కమిలిపోతుంది. పసుపు, ఆవనూనె కలిపి ఎనిమిది నెలలు రాసినా దుప్పట్లు పచ్చబడటం తప్ప మార్పేమీ రాలేదు. అదృష్టం ఏమిటంటే పెద్దగా హాని కూడా లేదు, కొందరికి దురద మాత్రం వస్తుంది. దురద వస్తే గీరుకుంటాం, గీరుకుంటే పైన చెప్పిందే.

ఇప్పుడు తిండి సంగతి. చేపలు తిని పాలు తాగితే బొల్లి వస్తుందన్న మాట మన జిల్లాల్లో ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. దానికి ఆధారం లేదు. చేపల పులుసు తిని పెరుగన్నంతో ముగించే ఇళ్లు కృష్ణా గట్టు వెంబడి ఎన్ని లేవు! ఇక పథ్యం పేరుతో మానిపించేవి: గోంగూర, చింతపండు, నిమ్మకాయ, ఆవకాయ, పెరుగు, గుడ్డు, చేప, వంకాయ, గుంటూరు కారం. విటమిన్ సి రంగును విరుస్తుందన్న లెక్కతో పులుపు మాన్పిస్తారు. కూరలో వేసే చింతపండు పులుసుతో రంగు కణాలు చావవు, అది మానేస్తే చచ్చినవి తిరిగి రావు. పద్నాలుగు నెలలు పులుపు లేకుండా తిన్న కాలంలోనూ మోకాలి మచ్చ పెరుగుతూనే పోయింది. తిరిగి గోంగూర తింటూ లైట్ వైద్యం చేయించుకున్న కాలంలో అదే మచ్చ పూడింది.

పథ్యంతో వచ్చే అసలు నష్టం వేరు. పాలు, పెరుగు, గుడ్డు, చేప అన్నీ ఒకేసారి మానేస్తే బి12 వచ్చే దారి మూసుకుపోతుంది. బొల్లి ఉన్నవాళ్లలో కొందరికి బి12 ముందే తక్కువగా ఉంటుంది. దాని మీద పథ్యం పెడితే నీరసం, అరికాళ్ల తిమ్మిర్లు. పిల్లల విషయంలో ఇది మరీ అన్యాయం. ఇంటిల్లిపాదీ ఆవకాయ కలుపుకుంటుంటే పదేళ్ల పిల్ల పళ్లెంలో ఒట్టి పప్పన్నం పెట్టి, తోడబుట్టినవాళ్ల ఎదుట "నీకు వద్దమ్మా" అంటారు. ఆ పిల్ల తాను ఏదో తప్పు తిన్నందువల్లే ఈ మచ్చ వచ్చిందని జీవితాంతం నమ్ముతుంది. దయచేసి ఆ పని చేయకండి. పెరుగు పెట్టండి, గుడ్డు పెట్టండి.

రాగి చెంబు నీళ్లకు ఒక తర్కం చెబుతారు. రంగు తయారుచేసే టైరోసినేజ్ ఎంజైముకు రాగి కావాలి, ఆ మాట నిజమే. కానీ పొయ్యే లేని వంటింట్లోకి కట్టెలు మోసినట్టు, కణమే లేనిచోట రాగి ఏం చేస్తుంది? రాత్రి పోసి పొద్దున తాగే మంచినీళ్లతో హాని లేదు. మజ్జిగ, నిమ్మరసం మాత్రం రాగి పాత్రలో పెట్టకండి. పులుపుకి రాగి కరిగి వాంతులవుతాయి.

మాత్రల్లో కొంత విషయం ఉంది. మొదట రక్త పరీక్ష చేయించాలి: టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బి12, డి విటమిన్, షుగర్. థైరాయిడ్ జబ్బు బొల్లితో కలిసి రావడం తరచుగా కనిపిస్తుంది, దాన్ని వదిలేసి మచ్చ వెంట పడటం పొరపాటు. బి12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కంటే తక్కువైతే పూడ్చుకోవాలి. 1997లో స్వీడన్‌లో బి12, ఫోలిక్ యాసిడ్‌తో పాటు ఎండ కూడా ఇచ్చి చూస్తే సగం మందికి పైగా ఎంతో కొంత రంగు వచ్చింది. అందులో ఎండ వాటా ఎంతో విడదీసి చెప్పలేం. డి విటమిన్ మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తక్కువ ఉంటే 60,000 యూనిట్ల గుళిక వారానికొకటి, ఎనిమిది వారాలు, ఇది సాధారణంగా రాసే కోర్సు. అక్కడితో ఆపి మళ్లీ పరీక్ష చేయించాలి. మందుల షాపులో అడిగి ఏడాది పొడవునా మింగితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది. గింకో 40 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు వాడే లెక్క చండీగఢ్‌లో జరిగిన పరీక్ష నుంచి వచ్చింది. మెల్లగా పాకే మచ్చల వేగాన్ని అది తగ్గించింది. వాడినంత కాలం కొత్త మచ్చలు రాకపోవడం ఇక్కడా కనిపించింది గానీ, దాని వల్లే అని ప్రమాణం చేయలేను. ఆస్పిరిన్ లాంటి రక్తం పలుచన చేసే మందులు వాడేవాళ్లకు ఇది పనికిరాదు, ఆపరేషన్‌కు ముందు కూడా ఆపాలి.

పేరూ ఊరూ లేని పొట్లాల పొడితో రెండు వారాల్లోనే మచ్చలు ఆగిపోతే సంతోషపడకండి, అనుమానపడండి. ఆకలి పెరగడం, ముఖం ఉబ్బడం, షుగర్ ఎక్కడం తోడైతే అందులో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చు. నెలల తరబడి వాడి ఉంటే ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరుకు చెప్పి తగ్గించుకుంటూ రావాలి.

లైట్ వైద్యం అంటే నేరోబ్యాండ్ యూవీబీ, 311 నానోమీటర్ల అతినీలలోహిత కిరణం. వారానికి రెండు మూడుసార్లు, వరసగా రెండు రోజులు కాకుండా. చదరపు సెంటీమీటరుకు 200 మిల్లీజౌళ్ల మోతాదుతో మొదలుపెట్టి, ప్రతిసారీ 10 నుంచి 20 శాతం పెంచుతారు. మచ్చ లేత గులాబీ అయి 24 గంటల్లో తగ్గిపోవాలి, అదే సరైన మోతాదు. రెండో రోజుకీ ఎర్రగా, మంటగా ఉంటే ఆ సిట్టింగ్ మానాలి. కళ్లకు అద్దాలు, మగవాళ్లయితే మర్మాంగానికి కవచం తప్పనిసరి. పండక్కి ఊరెళ్లి వారం దాటి మానేస్తే పాత మోతాదుకే నిలబడకండి. ఎనిమిది నుంచి పద్నాలుగు రోజుల విరామానికి పావు వంతు, మూడు వారాల దాకా అయితే సగం తగ్గిస్తారు, అంతకు మించితే మొదటికి వస్తారు. బెజవాడ సూర్యారావుపేట క్లినిక్కుల్లో రద్దీ సమయంలో ఈ లెక్క అడగడం మర్చిపోతుంటారు, మీరే చెప్పాలి. చాలామంది పాతిక సిట్టింగులకు ఫలితం లేదని మానేస్తారు. 72 సిట్టింగులు చూడనిదే పనిచేయలేదని తేల్చకూడదు. కనురెప్పకు లైట్ బదులు, రక్షణ కణాల దాడిని చర్మంలోనే తగ్గించే టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ రోజుకు రెండుసార్లు వాడింది బాగా పనిచేసింది. మొదటి వారం కాస్త మంట ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది.

ఒక హెచ్చరిక. కొబ్బరి తురుము చల్లినట్టు చిన్నచిన్న చుక్కలు కొత్తగా లేస్తుంటే, మచ్చ అంచు చెదిరినట్టు మసకగా ఉంటే, రోగం వేగంగా పాకుతోందన్నమాట. అప్పుడు ఆకులు అలములతో మూడు నెలలు పోగొట్టుకుంటే పోయిన కణాలు తిరిగి దొరకవు. పాకడాన్ని ఆపే మందులు వెంటనే మొదలుపెట్టాలి.

ఖర్చు లేకుండా చేయగలిగింది ఒకటుంది: ఒరిపిడి తగ్గించడం. లంగా నాడా బిగింపు, రబ్బరు చెప్పు పట్టీ, వాచీ బెల్టు, మోకాళ్ల మీద కూర్చుని గచ్చు కడగడం, పీచుతో రుద్దుకోవడం. నాడా బదులు వెడల్పాటి పట్టీ కుట్టించుకుంటే నడుము చుట్టూ వచ్చే గీత ఆగుతుంది. స్టిక్కర్ బొట్టు మరీ ముఖ్యం. కొన్నిటి జిగురులో ఉండే రసాయనం రంగు కణాలను నేరుగా చంపుతుంది. బిళ్ల ఎంత గుండ్రంగా ఉంటుందో అంతే గుండ్రంగా మచ్చ పడుతుంది. బిళ్ల మానేసి కుంకుమ పెట్టుకున్నా అక్కడ దురద వస్తే అదీ ఆపాలి. తలకు వేసే నల్ల రంగుతోనూ జాగ్రత్త.

ఏది పనిచేస్తోందో తెలియాలంటే కొలత ఉండాలి. అద్దంలో చూసుకుంటే ఆశపడిన రోజు తగ్గినట్టు, బెంగపడిన రోజు పెరిగినట్టు అనిపిస్తుంది. స్టేషనరీ షాపులో దొరికే పారదర్శక షీటు మచ్చ మీద పరిచి, మార్కర్‌తో అంచు గీసి, తేదీ వేసుకోండి. నెలకొకసారి అదే కిటికీ దగ్గర, అదే వేళకు ఫోటో తీయండి. రంగు తిరిగి వచ్చేటప్పుడు మచ్చ అంచుల నుంచి మాత్రమే ముడుచుకుపోదు. మధ్యలో, ఒక్కొక్క వెంట్రుక మొదట్లో, ఆవగింజంత గోధుమరంగు చుక్క లేస్తుంది. తర్వాత అది మినపగింజంత అవుతుంది, పక్కదానితో కలుస్తుంది. మోకాలి మీద మొదటి చుక్కకూ మచ్చ ముప్పాతిక పూడడానికీ మధ్య పదకొండు నెలలు పట్టింది. మూడు షీట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే తేడా కనిపించకపోతే మందు మార్చే సంగతి డాక్టరుతో మాట్లాడండి.

రంగు నిండాక అంతా ఒకేసారి ఆపితే కొందరికి ఏడాది లోపే అదే చోట మచ్చ తిరిగి వస్తుంది. అందుకని పూడిన చోట టాక్రోలిమస్ వారానికి రెండుసార్లు రాస్తూ ఉండాలి. సోమవారం, గురువారం అని పెట్టుకుంటే మర్చిపోరు.