ఆగి చూద్దామా, ట్యూషన్ పెడదామా, పరీక్ష చేయిద్దామా? చదవలేకపోతున్న చిన్నపిల్లల విషయంలో ఏది మేలు?

మా రెండోవాడు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు తెలుగు వాచకం గడగడా చదివేసేవాడు. చుట్టాలు వస్తే వాళ్ళ ముందు చదివించి మురిసిపోయేదాన్ని. ఒకరోజు ఎందుకో పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేంటి నాన్నా" అని అడిగాను. వాడు పాఠం మొదటి వాక్యం నుంచి నోటికి చెప్పుకుంటూ వచ్చి, నా వేలు ఉన్న చోట ఆగి, ఆ మాట చెప్పాడు. అంటే వాడు చదవడం లేదు, టీచర్ చదువుతుంటే విని పాఠం మొత్తం నోటికి పట్టేశాడు. వాడి తెలివికి ఏ లోటూ లేదని, కానీ అక్షరాల దగ్గర ఏదో తేడా ఉందని రెండూ ఆ ఒక్క నిమిషంలోనే తెలిశాయి.

తెలిసి కూడా మేము ఏడాది ఆగాం. తరవాత ఏడాది ట్యూషన్ పెట్టాం. డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం పట్టుబడని ఇబ్బంది, ఉందేమోనని పరీక్ష చేయించింది మూడో తరగతిలో. ఈ మూడు దారులూ నడిచినదాన్ని కాబట్టి, ఇప్పుడు మీ ఇంట్లో నాలుగైదేళ్ళ నుంచి ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలు ఉండి, మీకు ఇదే అనుమానం ఉంటే, ఏ దారి ఎంతవరకు పనికొస్తుందో నాకు తెలిసింది చెప్తాను.

ముందు ఆగి చూడటం సంగతి. ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే మొదటి మాట ఇదే. "వాళ్ళ నాన్న కూడా ఇంతే, నాలుగో తరగతి దాకా చదవడం రాలేదు, తరవాత అదే వచ్చింది" అంటారు. మా అత్తయ్య ఈ మాట ధైర్యం చెప్పడానికే అన్నారు, కానీ చదవడంలో ఇబ్బంది కుటుంబాల్లో తరతరాలుగా వస్తుంటుంది కాబట్టి, నిజానికి ఆ మాట ఆగమని కాదు, తొందరగా కదలమని చెప్తోంది. అలాగని ఆగడం పూర్తిగా తప్పు అనలేను. నాలుగైదేళ్ళ పిల్లలు అంకెలు తిరగేసి రాయడం, ఇంగ్లిష్‌లో బి రాయమంటే డి రాయడం మామూలే, ఏడేళ్ళ లోపు చాలామందిలో అది సర్దుకుంటుంది. తెలుగు లిపి సంగతైతే, అక్షరమాల ఒక్కటే కాదు కదా, ఒక్కో హల్లుకి గుణింతం, పైగా ఒత్తులు, అన్నీ కలిపితే వందల రూపాలు గుర్తుపెట్టుకోవాలి. రెండో తరగతి పిల్ల థ, ధ తారుమారు చేస్తే, ఘ కి మ కి తికమక పడితే దానికే టెన్షన్ పడక్కర్లేదు.

మరి ఏది చూసి టెన్షన్ పడాలి? అక్షరం ఒక్కటే చూడకుండా మాట్లాడే మాటలోని శబ్దాలతో ఆడుకోగలుగుతున్నారా లేదా అని చూడండి. మన పిల్లలు ఆడుకునే చ భాష గుర్తుంది కదా, ప్రతి అక్షరం ముందు చ పెట్టి, మానస అనడానికి "చమా చన చస" అనడం. పెద్దపిల్లలు అలా మాట్లాడుతుంటే ఆరేడేళ్ళ పిల్లలు కొన్నాళ్ళకి పట్టేస్తారు. మావాడికి ఎంతకీ అందలేదు. కమలలో మొదటి అక్షరం తీసేస్తే ఏం మిగులుతుంది అంటే బిక్కమొహం వేసేవాడు. మాటలు ఆలస్యంగా రావడం, ఒకే శబ్దంతో ముగిసే మాటలు పట్టుకోలేకపోవడం, వారాల పేర్లు వరసగా చెప్పలేకపోవడం, నిన్న వచ్చిన అక్షరం ఇవాళ కొత్తగా కనిపించడం, చదివేటప్పుడు మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేయడం, ఒత్తులు వదిలేసి అమ్మని అమ అని, పుస్తకాన్ని పుసకం అని రాయడం, అయిదు పెద్దదా ఎనిమిది పెద్దదా అంటే ఏడేళ్ళకి కూడా వేళ్ళు లెక్కపెట్టుకోవడం. వీటిలో ఒకటి కనిపిస్తే ఏమీ కాదు. మూడు నాలుగు కలిసి ఉండి, నెలలు గడిచినా తగ్గకపోతే అప్పుడు ఆగకూడదు. ఇంకో గుర్తు ఉంది, దాన్ని మేమంతా పట్టించుకోలేదు: సోమవారం పొద్దున్నే కడుపునొప్పి. ఆదివారం రాని నొప్పి సోమవారం నిజంగానే వస్తుంది, వాడు నటించడం లేదు.

ఆగడంలో అసలు నష్టం ఏంటంటే, ఆ ఏడాదిలో పిల్లాడు తన గురించి తనే ఒక అభిప్రాయానికి వచ్చేస్తాడు. డైరీలో ఎర్రపెన్నుతో "కేర్‌లెస్" అని రాసి పంపేవాళ్ళు. ఆ మాట వాడు చదవలేడు కానీ అదేం చెప్తుందో వాడికి తెలుసు.

రెండో దారి ట్యూషన్. అందరికీ అందుబాటులో ఉండేది ఇదే కాబట్టి అందరం ముందు ఇక్కడికే వెళ్తాం. మా పక్కవీధిలో ట్యూషన్ చెప్పే ఆవిడ చాలా మంచిమనిషి, ఓపిగ్గా రెండు గంటలు కూర్చోబెట్టేది. కానీ అక్కడ జరిగేది బడిలో జరిగేదే, తప్పు రాసిన మాట పదిసార్లు రాయించడం. పదిసార్లు రాస్తే ఏడోసారికి ఆ మాట కొత్త తప్పుతో వచ్చేది. బడి మానేసి ఊళ్ళు తిరగడం వల్లనో, టీచర్లు మారడం వల్లనో పాఠాలు పోయిన పిల్లలకి ట్యూషన్ బాగా పనిచేస్తుంది, ఎందుకంటే వాళ్ళకి కావలసింది అదే పాఠం ఇంకోసారి. మావాడిలాంటి పిల్లలకి కావలసింది అదే పాఠం ఇంకో పద్ధతిలో. స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గర జరిగే రెమెడియల్ టీచింగ్‌కీ ట్యూషన్‌కీ తేడా ఇదే: అక్కడ క్లాసు సిలబస్ పక్కన పెట్టి, శబ్దం నుంచి మొదలుపెట్టి, ఒక్కో అక్షరాన్ని పలుకుతూ, చేత్తో దిద్దుతూ, వచ్చింది అనుకున్నాకే తరవాతి మెట్టు ఎక్కిస్తారు. వారానికి రెండు మూడు సార్లు, నలభై నిమిషాలు. మొదటి రెండు నెలలు మార్కుల్లో ఏ తేడా కనిపించలేదు, ఆ సమయంలో మానిపించేయాలని చాలాసార్లు అనిపించింది. మీకు డబ్బు ఒక్కదానికే సరిపోతే ట్యూషన్ ఆపేసి ఇది పెట్టండి. రెండూ కలిపి పెడితే పిల్లాడికి ఆడుకునే సాయంత్రం మిగలదు.

ట్యూషన్ కన్నా అధ్వాన్నమైనవి కూడా ఉన్నాయి. కళ్ళకి గంతలు కట్టి చదివిస్తామనే మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ క్లాసులు, రంగు అద్దాలు, కంటి కసరత్తులతో చదువు వస్తుందనే ప్యాకేజీలు. గంతల కింద సందులోంచి చూసి చదవడం తప్ప మొదటిదాంట్లో ఏమీ లేదు. రంగు అద్దాలు, కంటి కసరత్తులు డిస్లెక్సియాని తగ్గిస్తాయనడానికి ఆధారం లేదని అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం, కంటి వైద్యుల సంఘాలు కలిసి 2009లోనే చెప్పాయి.

మూడో దారి, వెంటనే పరీక్ష. ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం, అంటే డిస్లెక్సియా లాంటి చదవడం, రాయడం, లెక్కల ఇబ్బంది, ఒకటి. దాని అంచనాకి 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఎనిమిదేళ్ళు నిండిన పిల్లలకే సర్టిఫికెట్ ఇవ్వాలని, మళ్ళీ 14 ఏళ్ళకి, 18 ఏళ్ళకి పరీక్ష చేయాలని రాశారు. దీన్ని పట్టుకుని "ఎనిమిదేళ్ళు వచ్చాక రండి" అనేవాళ్ళు ఉన్నారు, మాకూ ఒకచోట అదే మాట చెప్పారు. ఎనిమిదేళ్ళు కాగితానికి పెట్టిన వయసు, సాయానికి కాదు. చిన్నపిల్లల్లో గట్టిగా పేరు పెట్టడం కష్టం కాబట్టి ఆ వయసు పెట్టారు, అది సరైనదే. కానీ బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ తయారుచేసిన పరీక్షలో కూడా 5 నుంచి 7 ఏళ్ళ పిల్లలకి ఒక భాగం, 8 నుంచి 12 ఏళ్ళ వాళ్ళకి ఇంకో భాగం విడిగా ఉన్నాయి. చిన్నవయసులో చూడకూడదని ఎవరూ అనలేదు. ఆ చట్టంలోనే 16వ సెక్షన్, ఇలాంటి పిల్లల్ని వీలైనంత తొందరగా గుర్తించి తగిన పద్ధతిలో చెప్పాలని బడుల మీద బాధ్యత పెట్టింది.

ఇంకో సంగతి, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వాళ్ళ రోగ నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5 ప్రకారం, తగిన సాయం చేసిన తరవాత కూడా కనీసం ఆరు నెలలు ఇబ్బంది కొనసాగితేనే దీన్ని అభ్యసన వైకల్యం అంటారు. అంటే సాయం మొదలుపెట్టకుండా పేరు కోసం తిరగడంలోనూ అర్థం లేదు. అదే పుస్తకం బడి వయసు పిల్లల్లో 5 నుంచి 15 శాతం మందికి ఈ ఇబ్బంది ఉంటుందంటోంది, తక్కువలో తక్కువ లెక్క వేసినా నలభైమంది ఉన్న క్లాసులో ఇద్దరు.

కాబట్టి నన్ను అడిగితే, ఏడేళ్ళ లోపు పిల్లలకి మేలైన దారి ఈ మూడింటిలో ఏదీ కాదు. సాయం ఇవాళే మొదలుపెట్టి, ఆరు నెలలు రాసిపెట్టుకుని, తగ్గకపోతే ఆ నోటుపుస్తకంతో పరీక్షకి వెళ్ళడం. ఏడు దాటిన పిల్లలకైతే రెండూ ఒకేసారి చేయండి, వాళ్ళ చేతిలో సమయం తక్కువ.

మొదటి వారంలోనే చెవులు, కళ్ళు పరీక్ష చేయించండి. ఊరికే "వినిపిస్తోందా" అని అడగడం కాదు, వినికిడి పరీక్షించే ఆడియాలజిస్ట్ దగ్గర. చెవి లోపల కర్ణభేరి వెనక నీరు చేరితే కొన్నాళ్ళు వినిపించి కొన్నాళ్ళు వినిపించక, అచ్చం ఏకాగ్రత లేని పిల్లాడిలాగే కనిపిస్తారు. మధ్యమధ్యలో కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే పిల్లలైతే అది ఒక రకం మూర్ఛ కావచ్చు, పిల్లల డాక్టరుకి చెప్పాలి. రక్తహీనత కూడా చూస్తారు.

ఇంట్లో చేసేది రోజుకి పదిహేను నిమిషాలు, అంతకు మించి వద్దు. అక్షరాభ్యాసం రోజు పళ్ళెంలో బియ్యం పోసి వేలితో దిద్దించాం కదా, ఆ తరవాత పళ్ళెం లోపల పెట్టేశాం. దాన్ని మళ్ళీ బయటికి తీయండి. అక్షరం శబ్దం పలుకుతూ బియ్యంలో పెద్దగా రాయించండి, ఒకే రోజు పోలికున్న రెండు అక్షరాలు చెప్పకండి, ప నేర్పిన వారంలో వ జోలికి వెళ్ళకండి. మాటలు విడగొట్టే ఆటలు, అంత్యాక్షరి బస్సులో, వంటింట్లో ఆడండి. ఇక పాఠంలో విషయం మాత్రం మీరే చదివి వినిపించి, జవాబు నోటితో చెప్పించుకోండి. చదవడం ఆలస్యమైనంత మాత్రాన సైన్సులో, సోషల్‌లో తెలుసుకోవలసింది కూడా ఆగిపోకూడదు.

భాష సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఇంగ్లిష్ మీడియం మాన్పించి తెలుగులో వేస్తే బాగుపడతారా అని చాలామంది అడుగుతారు. ముందు పిల్లాడి చేత రెండు భాషల్లోనూ చదివించి చూడండి. తెలుగు బాగానే చదువుతూ ఇంగ్లిష్ ఒక్కటే రాకపోతే అది వైకల్యం కాదు, ఇంట్లో ఎప్పుడూ వినని భాషలో చదవమంటున్నాం, అంతే. రెండింట్లోనూ ఇబ్బంది ఉంటే మీడియం మార్చినందువల్ల సమస్య పోదు, అయితే తెలిసిన భాషలో భారం కొంచెం తగ్గుతుంది. ఆదిలాబాద్‌లో గోండి, ఉత్తరాంధ్ర ఏజెన్సీలో కువి, సవర మాట్లాడే ఇళ్ళ పిల్లలకి తెలుగే పరాయి భాష. వాళ్ళని ఒకటో తరగతిలో తెలుగులో పరీక్షించి మందబుద్ధి అనేయడం ఘోరం. పరీక్ష ఎవరు చేసినా ఇంట్లో ఏ భాష మాట్లాడతారని మొదట అడగాలి, అడగకపోతే మీరే చెప్పండి.

ఎక్కడికి వెళ్ళాలి, ప్రభుత్వానికా ప్రైవేటుకా? ప్రైవేటులో తొందరగా చూస్తారు, కానీ సిటీలో ఫీజు వేలల్లో ఉంటుంది. వెళ్ళే ముందు ఆ సైకాలజిస్టుకీ, స్పెషల్ ఎడ్యుకేటర్‌కీ భారతీయ పునరావాస మండలి, అదే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో అడగండి, ఉన్నవాళ్ళు ఏమీ అనుకోరు. ప్రభుత్వం వైపు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకి, ప్రభుత్వ బడులకి వస్తాయి, వాళ్ళు రాసిస్తే జిల్లా సత్వర చికిత్సా కేంద్రంలో ఉచితంగా చూస్తారు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి, అక్కడి రిసోర్స్ టీచర్లని వెళ్ళి కలవండి. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో 1984 నుంచి మేధో వైకల్యాలున్నవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, ఇప్పుడు నీపిడ్ అంటున్నారు. ప్రభుత్వంలో తిరగాల్సి వస్తుంది, ఒక రోజు కూలీ పోతుంది, అది నిజమే. కానీ తరవాత పరీక్షల్లో పనికొచ్చే సర్టిఫికెట్ అక్కడిదే, ప్రైవేటు రిపోర్టు ఎంత వివరంగా ఉన్నా చాలాచోట్ల అది ఒక్కటే సరిపోదు. అందుకే రిపోర్టు ఎక్కడ దొరికితే అక్కడ, సర్టిఫికెట్ మాత్రం ప్రభుత్వంలో అనుకోండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఈ తిప్పలు తక్కువ, కానీ "రికార్డుల్లోకి ఎక్కుతుంది" అని అడగడం మానేస్తున్నారు. అక్కడ తల్లిదండ్రులు రాతపూర్వకంగా అడిగితే పబ్లిక్ స్కూలు ఉచితంగా పరీక్షించాలి, లేదంటే ఎందుకు చేయడం లేదో రాసివ్వాలి. ముందు మా బడిలో ఇచ్చే అదనపు సాయం అంతా అయ్యాకే అంటూ దాన్ని వాయిదా వేయకూడదని అక్కడి విద్యాశాఖ 2011లో లేఖ కూడా రాసింది.

మావాడికి ఎనిమిదేళ్ళ ఏడు నెలలకి కాగితం వచ్చింది. ఇప్పుడు అయిదో తరగతి, నెమ్మదిగా చదువుతాడు, ఒత్తులు ఇంకా కొన్ని పోతాయి, కడుపునొప్పి పోయింది. కాగితం చేతికి వచ్చాక మేము చేసిన పని రెండు సెట్లు జిరాక్సు తీయించడం. పదో తరగతి పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు దొరుకుతారు, కానీ హాల్‌టికెట్లు వచ్చాక అడిగితే కుదరదు. తొమ్మిదో తరగతిలోనే బడిలో చెప్పి ఉంచాలి, పద్నాలుగేళ్ళ పరీక్ష సంగతి కూడా అప్పుడే చూసుకోవాలి. మీ పిల్లాడికి ఇప్పుడు ఆరేళ్ళే అయినా ఆ సంవత్సరాలు నోటుపుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకోండి.