నికాన్ డీ90, సోనీ ఆర్ఎక్స్100: రెండూ ఏళ్ల తరబడి వాడాక

పాత డీఎస్ఎల్ఆర్ తీసుకోనా, చిన్న కాంపాక్ట్ కెమెరా తీసుకోనా అని నన్ను అడిగేవాళ్లలో చాలామంది లోపల డీఎస్ఎల్ఆర్ అని ముందే అనేసుకుని ఉంటారు. పెద్దగా ఉంది, లెన్స్ తీసి పెట్టొచ్చు, కాబట్టి ఫోటో బాగా వస్తుందని ఒక నమ్మకం. నా దగ్గర రెండూ ఉన్నాయి. ఒకటి 2008లో వచ్చిన నికాన్ డీ90, ఇంకొకటి 2012లో వచ్చిన సోనీ ఆర్ఎక్స్100 మొదటి మోడల్. రెండూ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవే. ఇన్నేళ్లలో రెండిట్లో ఒకటి అమ్మేద్దామని చాలాసార్లు అనుకున్నాను, ఏది అమ్మాలో తేలక ఆగిపోయాను. కానీ ఒక్క విషయం మాత్రం నాకు తేలిపోయింది. డీ90తో పాటు వచ్చే 18-105 లెన్స్ ఒక్కటే పెట్టుకుని తిరిగేవాళ్లకి ఆ బరువు దండగ. వాళ్లకి కాంపాక్టే మేలు.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. డీ90 సెన్సర్ (వెలుగుని ఫోటోగా పట్టే చిప్) వైశాల్యం ఆర్ఎక్స్100 సెన్సర్‌కి మూడు రెట్లకు పైనే. కాగితం మీద చూస్తే పోటీయే లేదు. కానీ సోనీ లెన్స్ 28 ఎంఎం దగ్గర, అంటే జూమ్ చేయనప్పుడు, ఎఫ్/1.8 దాకా తెరుచుకుంటుంది (ఈ అంకె ఎంత చిన్నదైతే వెలుగు అంత ఎక్కువ). నికాన్ కిట్ లెన్స్, అంటే ఆ 18-105, దాదాపు అదే కోణం దగ్గర ఎఫ్/3.5 దగ్గర ఆగిపోతుంది. అంటే దాదాపు రెండు స్టాపుల తేడా, ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు. సెన్సర్ పెద్దదవడం వల్ల నికాన్‌కి కలిసొచ్చిన వెలుగంతా లెన్స్ దగ్గర ఖర్చయిపోతుంది.

రామప్ప గుడిలో ఇది కళ్లారా చూశాను. రంగమండపంలో నల్లరాతి స్తంభాల మీద చెక్కడం ఎంత సన్నగా ఉంటుందో, లోపల వెలుతురు అంత తక్కువ. శిల్పం కదలదు కాబట్టి తొందర లేదు. ఒకే స్తంభాన్ని, ఒకే చోట నిలబడి, ఒకే షట్టర్ స్పీడ్‌తో రెండు కెమెరాలతోనూ తీశాను. డీ90కి ఐఎస్ఓ (వెలుగు చాలనప్పుడు పెంచే అంకె, పెంచేకొద్దీ నాయిస్ వస్తుంది) 1600 కావాల్సి వచ్చింది, ఆర్ఎక్స్100కి 400 సరిపోయింది. ఇంటికొచ్చి రా ఫైళ్లు (కెమెరా చేయి చేసుకోని ముడి ఫైళ్లు) తెరిచి పక్కపక్కన పెడితే నల్లరాయిలోని నాయిస్, అంటే ఆ గరుకు చుక్కలు, రెండిట్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంది. పైగా సోనీది 20 మెగాపిక్సెల్, నికాన్‌ది 12. అంచుల్లో సోనీ కొంచెం మెత్తబడుతుంది, అది నిజమే. కానీ ఏ4 సైజు ప్రింట్ వేయించి చూపిస్తే ఏది దేనితో తీశారో చెప్పగలిగినవాళ్లు ఇప్పటిదాకా దొరకలేదు.

జూమ్ చేస్తే మాత్రం కథ మారుతుంది. సోనీ 100 ఎంఎం దగ్గరకు వెళ్లేసరికి లెన్స్ ఎఫ్/4.9కి ముడుచుకుపోతుంది. అక్కడ కిట్ లెన్స్‌తోనైనా డీ90దే పైచేయి. అందుకే ఆర్ఎక్స్100ని నేను 28 ఎంఎం కెమెరాలా వాడతాను, జూమ్ ఉన్న సంగతి ఎండలో మాత్రమే గుర్తు చేసుకుంటాను.

డీ90 తన విలువ చూపించేది 50 ఎంఎం ఎఫ్/1.8డీ తగిలించాక. లెన్స్ బరువు 155 గ్రాములు, చేతిలో పెడితే ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుంది. మా అక్క కూతురి పెళ్లి రాత్రి ముహూర్తం. ఫంక్షన్ హాల్ వాళ్లు మండపం చుట్టూ ఎల్ఈడీ లైట్లు దట్టించారు. పెళ్లి ఫోటోగ్రాఫర్లు ఎలాగూ ముందు వరస ఆక్రమించేస్తారు, మనకు దొరికేది పక్కనుంచి వాళ్ల భుజాల మధ్య సందు. 50 ఎంఎం లెన్స్ డీ90 మీద ఫిల్మ్ కెమెరా లెక్కలో 75 ఎంఎం కోణం ఇస్తుంది కాబట్టి ఆ సందు చాలు. తలంబ్రాలు మొదలవగానే వ్యూఫైండర్‌లో మధ్య ఫోకస్ పాయింట్ బాసికం మీద పెట్టి నొక్కుతూ పోయాను. దోసిట్లోంచి బియ్యం జారే క్షణానికీ నేను బటన్ నొక్కిన క్షణానికీ మధ్య తేడా నాకు తెలియలేదు. అదే చోట ఆర్ఎక్స్100తో ప్రయత్నిస్తే ఫోకస్ ఒకసారి ముందుకీ వెనక్కీ వెళ్లి వస్తుంది, ఈలోపు పెళ్లికూతురు తల వంచేస్తుంది.

ఆ ఎల్ఈడీల గురించి ఒక మాట చెప్పాలి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి నాసిరకం లైట్లు సెకనుకి వంద సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. డీ90లో షట్టర్ స్పీడ్ 1/200 దాటిస్తే ఫోటోలో అడ్డంగా చీకటి పట్టీలు పడతాయి. డీ90 షట్టర్‌లో రెండు తెరలు ఒకదాని వెనక ఒకటి జరుగుతాయి, వేగం పెరిగేకొద్దీ వాటి మధ్య సన్నటి చీలికే మిగులుతుంది, ఫ్రేమ్‌లో ఒక్కో భాగానికి ఒక్కో రకం వెలుగు అందుతుంది. ఆర్ఎక్స్100లో షట్టర్ లెన్స్ లోపలే ఉంటుంది, ఫ్రేమ్ మొత్తం ఒకేసారి తెరుచుకుంటుంది. పట్టీలు రావు గానీ ఒక ఫోటో వెలుగ్గా, తర్వాతది డల్‌గా వస్తుంటుంది. నేను డీ90ని 1/100 దగ్గర పెట్టేస్తాను. ముఖాలు నిలుస్తాయి, జారే బియ్యం మాత్రం తెల్లటి గీతలుగా పడుతుంది. కొందరికి అది లోపంలా కనిపిస్తుంది. నాకు ఆ గీతలే ఇష్టం.

లోపల షట్టర్ ఉండటం వల్ల సోనీకి ఇంకో లాభం ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో ముఖం మీద పడే నీడలను పూడ్చడానికి ఫ్లాష్ వేస్తే ఆ చిన్న కెమెరా 1/2000 దాకా ఒప్పుకుంటుంది. డీ90 తన బుల్లి ఫ్లాష్‌తో 1/200 దగ్గరే ఆగిపోతుంది. కానీ ఎండ మాట వస్తే ఆర్ఎక్స్100కి పెద్ద శాపం వేరే ఉంది, వ్యూఫైండర్ లేదు. మే నెలలో ఒంగోలు వీధుల్లో పగలు పన్నెండింటికి దాని స్క్రీన్ మీద నా ముఖం తప్ప ఏమీ కనపడదు. అందాజాగా నొక్కాల్సిందే.

దీనికి తోడు చత్వారం. నలభై దాటినవాళ్లకి ఈ సంగతి ఏ రివ్యూలోనూ కనపడదు, రాసేవాళ్లంతా కుర్రాళ్లు కాబోలు. వెనక స్క్రీన్ చూడాలంటే దగ్గరి కళ్లద్దాలు పెట్టాలి, ఎదురుగా ఉన్న మనిషిని చూడాలంటే తీయాలి. డీ90 వ్యూఫైండర్ పక్కన చిన్న చక్రం ఉంటుంది, దాన్ని మన చూపుకి తగ్గట్టు తిప్పుకుంటే అద్దాలు లేకుండానే అంతా స్పష్టంగా కనిపిస్తుంది. ఈ ఒక్క కారణంతో డీఎస్ఎల్ఆర్ కొన్నా నేను తప్పు పట్టను.

బరువు సంగతికొస్తే, బ్యాటరీ, కార్డు వేసిన డీ90 సుమారు 700 గ్రాములు, 18-105 తగిలిస్తే కిలో దాటుతుంది. ఆర్ఎక్స్100 మొత్తం 240 గ్రాములు, ప్యాంటు జేబులో పడుతుంది. అయితే దాని ఒళ్లు మరీ నున్నగా ఉంటుంది. చెమట చేతుల్లోంచి సబ్బులా జారుతుంది. ముందు వైపు అంటించుకునే రబ్బరు గ్రిప్ ఒకటి దొరుకుతుంది, కొన్న రోజే అంటించేయండి.

నా దృష్టిలో బరువు కన్నా ముఖ్యమైనది ఎదుటివాళ్లు కెమెరాని చూసే తీరు. డీ90 తీయగానే టీ కొట్టు దగ్గర పెద్దాయన కండువా సర్దుకుని, నడుం నిటారు చేసి, "ఏ పేపరు బాబూ?" అంటాడు. ఆయన కూర్చున్న తీరు నచ్చి కెమెరా తీస్తే ఆ తీరే మాయమైపోతుంది. ఆర్ఎక్స్100 చూసి ఎవరూ సర్దుకోరు. స్మారక కట్టడాల దగ్గర గార్డులూ అంతే, పెద్ద లెన్స్ కనపడితే వంద ప్రశ్నలు వేస్తారు. మరోవైపు ఇంటి శుభకార్యాల్లో పెద్ద కెమెరాకి ఉన్న మర్యాద చిన్నదానికి లేదు. "అందరూ ఇటు చూడండి" అని డీ90 పట్టుకుని అంటే మేనత్తలు, పెదనాన్నలు వరసగా వచ్చి నిలబడతారు. చిన్న కెమెరా పట్టుకుంటే, "ఫోన్‌లో తీయరా, వాట్సాప్‌లో పెట్టుకుంటాం" అంటారు.

పక్షుల కోసమైతే ఆర్ఎక్స్100 ఇంట్లో వదిలేసి వెళ్లండి. కైకలూరు దగ్గర ఆటపాకలో నీళ్ల మధ్య స్టాండ్ల మీద పెలికాన్లు గూళ్లు కట్టుకుంటాయి. సోనీతో తీస్తే స్టాండూ చుక్కే, పక్షీ చుక్కే. డీ90కి 70-300 తగిలిస్తే 450 ఎంఎం దాకా వెళ్లొచ్చు, ముక్కు కింద సంచి, దాని మీద మచ్చలు కూడా తెలుస్తాయి. సెకనుకి నాలుగున్నర ఫ్రేములు ఈ రోజుల్లో లెక్కలోకి రావు, కానీ పెలికాన్ నింపాదిగా ఎగురుతుంది, సరిపోతుంది.

రంగులు నాకు డీ90లోనే నచ్చుతాయి, ముఖ్యంగా మన ఒంటి రంగు. సోనీ జేపెగ్‌లలో ముఖాలు కాస్త పచ్చబడి, నాయిస్ తుడిచే తొందరలో చర్మం మైనంలా అవుతుంది. రా తీస్తే ఆ గొడవ ఉండదు. డీ90కి వేరే జబ్బు ఉంది, ఎండలో దాని మీటరింగ్ (వెలుగు కొలిచే పద్ధతి) అవసరానికి మించి వెలుగు ఇచ్చేస్తుంది. ఎర్ర పట్టుచీర, మందారం లాంటివి వివరం పోయి ఎర్రటి ముద్దలా వస్తాయి. ఫోటో వెలుగు తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ -0.7 దగ్గర పెట్టి మర్చిపోవడమే మందు. వీడియో గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. వీడియో తీయగలిగిన మొదటి డీఎస్ఎల్ఆర్ డీ90నే, ఆ గౌరవం దానికి ఇచ్చేసి వీడియోలు సోనీతో తీసుకోండి.

ఫోన్ ఉండగా ఈ రెండూ ఎందుకని అడగొచ్చు. ఫోన్ స్క్రీన్ మీదే చూసుకుని వదిలేసేవాళ్లకి నిజంగానే అక్కర్లేదు. నేను ప్రింట్లు వేయిస్తాను, నాకు కావాలి.

ఇక ముసలితనం. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉండేవాళ్లకి డీ90 మీది రబ్బరు పెద్ద తలనొప్పి. బొటనవేలు ఆనే చోట అది ఉబ్బి, ఊడి వస్తుంది. నాది రెండుసార్లు అంటించాను. లెన్సులకి బూజు పట్టకుండా గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి, చవక హైగ్రోమీటర్ ఒకటి పెట్టి, తేమ 40-50 శాతం మధ్య ఉంచుతున్నాను. సెన్సర్ మీద దుమ్ము పడితే డీ90లో అద్దం పైకి లేపి బ్లోయర్‌తో ఊదుకోవచ్చు. ఆర్ఎక్స్100లో ఆ వీలు లేదు. స్విచ్ వేసినప్పుడల్లా బయటికొచ్చే లెన్స్ గొట్టం గాలితో పాటు దుమ్మునీ లోపలికి పీలుస్తుంది, ఒకసారి మచ్చ పడిందంటే కెమెరా మొత్తం విప్పాల్సిందే. నా దానికి ఆకాశం ఎడమ మూలన ఒక మచ్చ శాశ్వతంగా ఉండిపోయింది. విప్పడానికి ఒక రిపేరు షాపులో చెప్పిన ధర విన్నాక ఆ మచ్చతోనే సర్దుకుపోతున్నాను.

కాబట్టి సెకండ్‌హ్యాండ్ ఆర్ఎక్స్100 చూసేటప్పుడు ఎఫ్/11 పెట్టి, జూమ్ పూర్తిగా లాగి, తెల్లగోడనో ఆకాశాన్నో ఫోటో తీసి, ల్యాప్‌టాప్‌లో చూశాకే డబ్బులివ్వండి. డీ90కి ఎఫ్/16 దగ్గర ఇదే పరీక్ష, కాకపోతే అక్కడ మచ్చ కనపడినా కంగారు అక్కర్లేదు. దానికి చూడాల్సింది షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు అయ్యాయో ఆ లెక్క. తీసిన ఫోటో ఫైల్‌లోనే ఆ అంకె ఉంటుంది, కంపెనీ లక్ష క్లిక్కుల దాకా పరీక్షించిన షట్టర్ అది. మెనూలో బ్యాటరీ ఇన్ఫో తెరిస్తే బ్యాటరీ ఎంత అరిగిందో కూడా చెప్పేస్తుంది. కార్డు 32 జీబీ మించి కొనకండి, ఎస్డీహెచ్‌సీ (32 జీబీ దాకా ఉండే కార్డు రకం) వరకే దానికి తెలుసు.

అబిడ్స్ వైపు పాత కెమెరాల షాపులకి వెళ్తే డీ90 బదులు డీ3200, డీ5200 చూపిస్తారు, ఇవి కొత్తవి సార్, మెగాపిక్సెల్స్ డబుల్ అంటారు. అబద్ధం కాదు. కానీ వాటి బాడీలో ఫోకస్ మోటార్ ఉండదు. పైన చెప్పిన 50 ఎంఎం డీ లెన్స్ వాటికి తగిలిస్తే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే, తలంబ్రాల వేళ అది అయ్యే పని కాదు. ఆ బాడీలే తీసుకుంటే ఏఎఫ్-ఎస్ (మోటార్ లెన్స్‌లోనే ఉంటుంది) అని రాసి ఉన్న 35 ఎంఎం ఎఫ్/1.8 వెతుక్కోండి. బాడీ మీద మిగుల్చుకున్న ప్రతి రూపాయీ లెన్స్‌కి పెట్టండి, ఎలాగూ నికాన్ 2020లో డీ6 తర్వాత కొత్త డీఎస్ఎల్ఆర్ తేలేదు కాబట్టి వాడిన లెన్సులు బేరానికి బాగానే దొరుకుతున్నాయి. ఛార్జర్ అడగడం మాత్రం మర్చిపోకండి. ఆర్ఎక్స్100 మామూలు పాత ఫోన్ కేబుల్‌తో ఛార్జ్ అయిపోతుంది. డీ90 బ్యాటరీకి దాని సొంత ఛార్జరే కావాలి, అది పోయిందంటే ఆ మేరకు ధర తగ్గించమనండి.